బండి గుండెకు కొత్త గోళీలు

'ఏందన్నా, నడువంగ నడువంగ గీ గుర్రుమని సప్పుడేంది?'

'కింద క్రాంకు కాడికెల్లి వస్తుంది తమ్మీ. మెయిన్ బేరింగులు పోయినట్టున్నయ్.'

'టైట్ చేస్తే పోదా?'

'బేరింగుకు టైట్ ఎక్కడుంటది? మార్చుడే. ఇంజను దించాలె, రెండు చెక్కలు చేయాలె.'

నల్గొండ జిల్లా హాలియాలో మెకానిక్ షెడ్డు ముందు కాసేపు నిలబడితే ఇలాంటి మాటలు చెవిన పడతాయి. పాత టూ స్ట్రోక్ బండి తెచ్చినవాళ్లు ఆ తర్వాత ఏమంటారో కూడా తెలిసిందే. ఓసారి బండి వంక, ఓసారి జేబు వంక చూసుకుని 'రేపొస్తనన్నా' అని వెళ్లిపోతారు. ఆ రేపు కొందరికి నెలకొస్తుంది. కొందరికి పాత సామాన్ల బండి ఇంటి ముందుకొచ్చిన రోజున వస్తుంది!

అలాంటి బండే ఒకటి ఓ ఇంటి వసారాలో ఉందనుకోండి. ఆర్ఎక్స్ 100. తొంభైల్లో ఆ ఇంటాయన వడ్లు అమ్మిన డబ్బులతో కొన్నాడు. ఎరువు బస్తాలు మోసింది అదే. పెళ్లిళ్లకు తీసుకెళ్లింది అదే. పిల్లాడికి జ్వరమొస్తే అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తిందీ అదే. ఇప్పుడాయనకు మోకాళ్ల నొప్పులు, బండికి బేరింగుల నొప్పి. అమ్మేద్దామా అని కొడుకు అడిగితే ఆయన 'నీ ఇష్టం బిడ్డా' అంటాడు. ఆ మాటలో ఇష్టం ఎంతుందో కొడుక్కి తెలుసు. అందుకే ఇంట్లోనే బాగుచేస్తానని కూర్చున్నాడు.

కుదిరే పనేనా? కుదురుతుంది. ఓపిక ఉండాలి. ఎక్కడ చెయ్యి పెట్టాలో ఎంత తెలియాలో, ఎక్కడ పెట్టకూడదో అంతకంటే బాగా తెలియాలి.

గట్టు మీద ట్రయల్స్

ప్రపంచంలో మోటార్ సైకిల్ ఇంజను ఇంట్లోనే విప్పుకునే అలవాటు బాగా ఉన్నది ట్రయల్స్ ఆటగాళ్లకు. ట్రయల్స్ అంటే వేగం పందెం కాదు. రాళ్లు, బురద, వాగులు, నిలువు గట్ల మీదుగా కాలు కింద పెట్టకుండా బండిని నిదానంగా దాటించాలి. కాలు ఒకసారి ఆనితే ఒక పాయింటు, దాటలేకపోతే ఐదు పాయింట్లు. ఎవరికి తక్కువ పాయింట్లు వస్తే వాళ్లే గెలిచినట్టు. 1965లో స్కాట్లాండ్ ఆరు రోజుల ట్రయల్‌లో శామీ మిల్లర్ అనే ఆటగాడు బుల్టాకో అనే స్పెయిన్ బండి మీద గెలిచాడు. అది తేలికపాటి టూ స్ట్రోక్. అంతకుముందు అక్కడ రాజ్యమేలిన బరువైన ఫోర్ స్ట్రోక్ బండ్ల కాలం దాంతో చెల్లిపోయింది. 1975 నుంచి ఈ ఆటకు ప్రపంచ చాంపియన్‌షిప్పే నడుస్తోంది.

ఆ ఆటతో హాలియాకేంటి సంబంధం అంటారా? 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు పారిన ఈ ప్రాంతం వరి మాగాణి అయింది. మాగాణి అంటే బురద. 45 కిలోల యూరియా బస్తా ట్యాంకు మీద పెట్టుకుని, మొదటి గేరులో, ఒకవైపు కాలువ, ఒకవైపు నాటు వేసిన మడి ఉన్న గట్టు మీద కాలు ఆనకుండా వెళ్లే రైతు ఆడేది కూడా ట్రయల్సే. పాయింట్లు వేసేవాళ్లు లేరంతే!

రెండుచోట్లా ఇంజనుకు జరిగేదీ ఒకటే. బరువు ఎక్కువ, నడక నిదానం, నీళ్లు, బురద, ఆ తర్వాత వారాల తరబడి ఖాళీగా నిలబడటం. వీటిలో మెయిన్ బేరింగులకు బాగా చేటు చేసేది చివరిదే. టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలు, గాలి, ఆయిలు కలిసి మొదట క్రాంకు గదిలోకే వస్తాయి. బేరింగులకు తిండి ఆ ఆయిలే. బండి ఆగిపోయాక ఆ గదిలో తేమ పేరుకుంటే గోళీల మీద సన్నటి తుప్పు చుక్కలు పడతాయి. దేశంలో 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిసింది. ఇథనాల్‌కు తేమను పట్టుకునే గుణం ఉంది. నెలల తరబడి వాడని పాత బండిలో పెట్రోలు అలాగే వదిలేయకూడదనేది అందుకే.

సెకనుకు వంద దెబ్బలు

మెయిన్ బేరింగులంటే ఏమిటి? పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. ఆ ఆటను చక్రం తిరుగుడుగా మార్చేది క్రాంకు. దానికి అటూ ఇటూ ఉండి మోసేవే ఈ రెండు బేరింగులు. లోపల ఒక ఉక్కు గాజు, బయట ఒక ఉక్కు గాజు, మధ్యలో గోళీలు. టూ స్ట్రోక్ ఇంజనులో క్రాంకు తిరిగిన ప్రతిసారీ ఒక పేలుడు. నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతోందంటే సెకనుకు వంద దెబ్బలు. అవన్నీ పడేది ఆ గోళీల మీదే. ఒక్క తుప్పు చుక్క చాలు, అది గుంటవుతుంది, గుంట చుట్టూ పెచ్చులు లేస్తాయి. అప్పుడు మొదలవుతుంది ఆ గుర్రుమనే చప్పుడు.

చప్పుడే కదా అని నడిపేస్తే? క్రాంకు ఊగుతుంది. క్రాంకు ఊగితే పక్కనే ఉన్న ఆయిల్ సీలు పెదవి అరుగుతుంది. మాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి దూరుతుంది. పెట్రోలు పాలు, దాంతోపాటు ఆయిలు పాలు తగ్గుతాయి. ఇంజను తనంతట తానే రేసు అవుతుంది, వేడెక్కుతుంది, పిస్టను పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిలు క్రాంకు గదిలోకి వస్తుంది. సైలెన్సరు తెల్లపొగ ఆగకుండా కక్కుతుంది, గేరు ఆయిలు మాత్రం రోజురోజుకీ తగ్గిపోతుంది. మరీ ముదిరితే గోళీల పంజరం విరిగి క్రాంకే బిగుసుకుపోవచ్చు. అదే జరిగితే వెనుక చక్రం ఉన్నట్టుండి లాక్ అవుతుంది. వెనకాల భార్య, ముందు పిల్లాడు, పక్కన కాలువ. అలాంటి చోట అది ఎంత పనో చెప్పక్కర్లేదు. చప్పుడు వినిపించినప్పుడే బండి ఆపమనేది అందుకే.

రోగం అదేనా?

ఇంజను విప్పేముందు ఒక పరీక్ష ఉంది. మాగ్నెట్ మూత తీసి, దాన్ని చేత్తో పట్టుకుని పైకీ కిందికీ కదపాలి. టక్ టక్ అని ఆడితే ఆ వైపు బేరింగు పోయినట్టే. క్రాంకు అడ్డంగా, అంటే ఎడమ కుడులకు, వెంట్రుకవాసి కదిలితే కంగారు పడక్కర్లేదు. పైకీ కిందికీ చేతికి తెలిసేంత ఆట మాత్రం ఉండకూడదు. ప్లగ్గు తీసి నెమ్మదిగా తిప్పినప్పుడు ఇసుక నలిగినట్టు చేతికి తగిలితే అదీ బేరింగు గుర్తే. 

చప్పుడు పైనుంచి వస్తుంటే పిస్టనో, గజన్ పిన్నో కావచ్చు. బరువు పడ్డప్పుడు మాత్రమే టకటక అంటుంటే కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగును అనుమానించాలి. అది వేరే కథ. దాని సంగతి తర్వాత.

మొదటి పని... కడగడం

ఇంట్లో పని మొదలయ్యేది పానాతో కాదు, గుడ్డతో. గట్టు మీది మట్టి అంతా ఇంజనుకు అతుక్కునే ఉంటుంది. దాన్ని కడగకుండా విప్పితే పాత బేరింగులు తీసి కొత్త బేరింగుల్లో ఇసుక పోసినట్టే. డీజిలు లేదా కిరోసిన్, పాత బ్రష్షు చాలు. పెట్రోలుతో కడగడం మాత్రం వద్దు. ఇంట్లో పొయ్యి ఉంటుంది, దేవుడి దీపం ఉంటుంది. ఆవిరి ఎక్కడిదాకా వెళ్తుందో కంటికి కనబడదు.

తర్వాత గేరు ఆయిలు వంచాలి. సైలెన్సరు, కార్బురేటరు, క్లచ్ కేబులు, చైను, వైర్లు ఒక్కొక్కటే తీయాలి. ప్రతి అడుగులో సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోవాలి. పూర్వం మెకానిక్కులు ఇవన్నీ మనసులో పెట్టుకునేవాళ్లు. కొత్తవాళ్లకు అంత జ్ఞాపకం ఎక్కడిది! అట్టముక్క మీద ఇంజను బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చుకుంటే ఇంకా మంచిది. కేసింగు స్క్రూలన్నీ ఒకే పొడవుండవు. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే అల్యూమినియం పగులుతుంది.

హెడ్డు, బోరు తీయగానే పిస్టను బయటపడుతుంది. దాని పిన్నుకు రెండువైపులా చిన్న తీగ సర్క్లిప్పులుంటాయి. అవి తీసేముందు కింద క్రాంకు గది నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. లేకపోతే సర్క్లిప్పు సరిగ్గా అందులోకే దూకుతుంది. అదేం విచిత్రమో, ఇంకెక్కడికీ దూకదు!

మాగ్నెట్‌ను సుత్తితో కొట్టి తీయకూడదు. కొడితే క్రాంకు వంకరపోతుంది, అయస్కాంతం పగులుతుంది. దానికని పుల్లరు దొరుకుతుంది. ఆ బండికి సరిపడేదే తెచ్చుకోవాలి. మాగ్నెట్ కింద షాఫ్టు గాడిలో అర్ధచంద్రాకారంలో చిన్న కీ ఉంటుంది. దాన్ని డబ్బాలో దాచిపెట్టాలి. అది పోతే టైమింగు పోయినట్టే. అటువైపు క్లచ్ ప్లేట్లు, క్లచ్ నట్టు, ప్రైమరీ గేరు నట్టు తీసేస్తే ఇక మిగిలింది రెండు చెక్కల ఇంజను గుండ్రాయే.

స్క్రూడ్రైవరు దూర్చొద్దు

ఎక్కువమంది ఇంజను పాడుచేసుకునేది ఇక్కడే. కేసింగు స్క్రూలన్నీ తీశాక కూడా రెండు చెక్కలూ విడిపోవు. ఏళ్ల తరబడి అతుక్కుని ఉంటాయి. అప్పుడు చేతికి దొరికిన స్క్రూడ్రైవరు సందులో దూర్చి ఎత్తబుద్ధవుతుంది. ఎత్తితే ఆ మెత్తటి అల్యూమినియం అంచు మీద గీత పడుతుంది. ఆ గీతలోంచి గాలి పీలుస్తుంది. ఎన్ని బేరింగులు మార్చినా బండి మాట వినదు.

దీనికీ పుల్లరు ఉంది. అది బిగిస్తూ, మధ్యమధ్య కట్టె సుత్తితో కేసింగు అంచుల వెంట మెల్లగా తడుతూ పోతే రెండు చెక్కలూ సమానంగా విడిపోతాయి. ఒకవైపే లేస్తుంటే ఆగాలి. ఎక్కడో ఒక స్క్రూ మరిచిపోయి ఉంటారు. అలా మరిచిపోవడం కొత్తకాదు, అనుభవజ్ఞులకూ జరుగుతుంది.

ఇంకో సంగతి. ఇంజను నంబరు చెక్కి ఉండేది ఈ కేసింగు మీదే. కేసింగు పగిలితే ఇంకోటి తెచ్చి వేసుకోవచ్చుగా అనుకుంటే పొరపాటు. దాని మీద నంబరు ఆర్సీతో కలవదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆర్సీ 15 ఏళ్లకు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి బండిని చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. నంబరు కలవని బండికి అది తలనొప్పే. పాత బండిలో అన్నిటికంటే విలువైన భాగం పిస్టను కాదు, బోరు కాదు, నంబరున్న ఆ అల్యూమినియం చెక్కే.

నంబర్ల లెక్క

పాత బేరింగు చేతికొచ్చాక దాని అంచు మీద తుడిచి చూస్తే ఒక నంబరు కనిపిస్తుంది. 6204, 6205, 6304... హాలియా రైతులకు ఈ నంబర్లు కొత్తవేం కావు. పొలం దగ్గర కరెంటు మోటారు పట్టేసినప్పుడు వైండింగ్ షాపువాళ్లు రాసిచ్చే చీటీలోనూ ఇలాంటి నంబర్లే ఉంటాయి. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో తిరిగే చక్రాల వెనకా ఉండేవి ఇవే కుటుంబం. ఈ లెక్క ప్రపంచమంతా ఒకటే. స్వీడన్‌లో 1907లో పుట్టిన ఎస్‌కేఎఫ్ అయినా, జైపూర్‌లో 1946లో మొదలైన కంపెనీ తయారుచేసే ఎన్‌బీసీ అయినా 6204 అంటే 6204 కొలతలే.

లెక్క తేలిక. చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం కొలత మిల్లీమీటర్లలో వస్తుంది. 04 అంటే 20, 05 అంటే 25. మొదటి రెండంకెలు వరసను చెబుతాయి. 62 తేలిక వరస, 63 కాస్త బరువు మోసే వరస. 

ఇందులో ఒక మోసం దాగుంది. 6205 బయటి వ్యాసం 52 మిల్లీమీటర్లు, మందం 15. 6304 బయటి వ్యాసమూ 52, మందమూ 15! పైకి రెండూ కవలల్లా ఉంటాయి. లోపలి రంధ్రం మాత్రం ఒకదానికి 25, ఇంకోదానికి 20. కంటితో కొలిచి తెచ్చుకుంటే మళ్లీ షాపుకు తిరగాల్సిందే. పైగా క్రాంకు రెండువైపులా ఒకే నంబరు ఉండాలనీ లేదు. రెండూ తీసి, రెండు నంబర్లూ రాసుకుని వెళ్లాలి.

నంబరు పక్కన సీ3 అని ఉంటే అది కూడా అడిగి తీసుకోవాలి. గోళీలకూ గాజులకూ మధ్య మామూలుకంటే కాస్త ఎక్కువ సందు వదిలిన రకం అది. ఇంజను వేడెక్కినప్పుడు ఆ సందు అవసరమవుతుంది. మామూలు రకం వేస్తే వేడికి బిగుసుకుంటుంది. మోటారుకు వాడే మూతల బేరింగు కూడా ఇక్కడ పనికిరాదు. క్రాంకు గదిలోని ఆయిలు గోళీలకు అందాలంటే అది తెరిచి ఉండాలి. ఇన్ని చెప్పినా మంచి బేరింగు ఖరీదు వందల్లోనే ఉంటుంది. మరీ చవగ్గా ఇస్తున్నారంటే, పేరు అచ్చు మసకగా ఉందంటే, అది నకిలీ కావచ్చు. ఇంత పనీ చేసి అక్కడ వంద రూపాయలు మిగుల్చుకోవడం తెలివి కాదు.

ఫ్రిజ్‌లో ఇనుపముక్క

'ఫ్రిజ్‌ల గీ ఇనుపముక్క పెట్టినవేందిరా?'

'బేరింగులమ్మా. రాత్రంత అండ్లనే ఉండాలె.'

'తొక్కు డబ్బా పక్కన్నా? మీ నాయినకు సెప్త ఉండు!'

అమ్మ కోపంలో న్యాయముంది. కొడుకు పనిలో సైన్సుంది. ఇల్లంతా వింతగా చూసే ఈ పనే మొత్తం రిపేరుకు ప్రాణం.

కేసింగు అల్యూమినియం, బేరింగు ఉక్కు. వేడికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 52 మిల్లీమీటర్ల రంధ్రమున్న కేసింగును 30 డిగ్రీల నుంచి 110 డిగ్రీలకు వేడిచేస్తే ఆ రంధ్రం మిల్లీమీటరులో పదో వంతు దాకా పెద్దదవుతుంది. అటు ఫ్రీజరులో పెట్టిన బేరింగు మిల్లీమీటరులో వందకు మూడు వంతుల దాకా చిక్కుతుంది. వినడానికి ఇవి లెక్కలోకి రాని కొలతలు. కానీ బేరింగును కేసింగులో పట్టి ఉంచే బిగుతు దీనికంటే తక్కువ. అందుకే సుత్తితో గంటసేపు కొట్టినా కదలనిది, వేడి మీద ఉన్నప్పుడు చేత్తో జారవిడిస్తే 'టప్' మని కూర్చుంటుంది!

వేడి చేయడానికి కరెంటు పొయ్యి మీద మందపాటి ఇనుప రేకు పరిచి దాని మీద కేసింగు పెడితే చాలు. నీటిచుక్క వేస్తే చుర్రుమని ఎగిరిపోవాలి. అదే గుర్తు. గ్యాసు మంటను నేరుగా ఒకేచోట పట్టకూడదు, కేసింగు వంకరపోతుంది. ముందే సీళ్లు తీసేయాలి, నూనె మరకలు లేకుండా కడిగి ఆరబెట్టాలి. చేతులకు మందపాటి తోలు గ్లవుసులు ఉండాలి. పిల్లల్ని దూరంగా ఉంచాలి. బేరింగును ఫ్రీజరులో పెట్టేముందు ప్లాస్టిక్ కవర్లో చుట్టాలి. తేమ తగలదు, అమ్మతో తగాదా ఉండదు. 

పాతవి తీయడమూ ఇలాగే. వేడయ్యాక కేసింగును బోర్లా పట్టి చెక్క మీద తడితే చాలాసార్లు బేరింగు దానంతటదే రాలిపడుతుంది. ఒకవేళ అది కేసింగును వదిలి క్రాంకు షాఫ్టుకు అంటుకుని వస్తే దాన్ని బేరింగు పుల్లరుతోనే లాగాలి.

కొత్తది కూర్చోబెట్టేటప్పుడు ఒక సూత్రం గుర్తుంచుకుంటే చాలు. కేసింగులోకి దించేటప్పుడు బయటి గాజు మీదే నొక్కాలి. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి గాజు మీదే నొక్కాలి. తారుమారైతే దెబ్బంతా గోళీల మీదుగా పోతుంది. గోళీ దారిలో కంటికి కనబడని గుంట పడుతుంది. కొత్త బేరింగు మొదటిరోజే పాతదవుతుంది. 

బయటి గాజు చుట్టూ అద్దంలా మెరుపు కనిపిస్తే మాత్రం ఆగాలి. బేరింగు కేసింగులో తిరిగిందని దానర్థం. రంధ్రం వదులైపోయింది. చుట్టూ పంచి దెబ్బలు కొట్టి బిగుతు తెప్పించడం కొందరి అలవాటు. అది నాలుగు రోజుల ముచ్చటే. అలాంటి కేసింగును మంచి లేతు మిషను షాపుకు తీసుకెళ్లి, రంధ్రానికి కొత్త గాజు వేయించాలి.

చెయ్యి పెట్టకూడని చోటు

ఇందాక వదిలేసిన కనెక్టింగ్ రాడ్డు సంగతి ఇప్పుడు. క్రాంకు చేతిలోకి తీసుకుని రాడ్డును నిలువుగా పైకీ కిందికీ లాగి చూడాలి. అటూ ఇటూ కాస్త ఊగితే పర్వాలేదు. నిలువుగా మాత్రం అస్సలు ఆట ఉండకూడదు. ఉంటే ఆ బేరింగూ పోయినట్టే. ఇది ఇంట్లో అయ్యే పని కాదు. ఇలాంటి బండ్లలో క్రాంకు ఒకే ముక్క కాదు. రెండు చక్రాలు, మధ్యలో ఒక పిన్ను, టన్నుల ఒత్తిడితో బిగించినవి. విప్పాలంటే ప్రెస్సు కావాలి. మళ్లీ బిగించాక రెండువైపులా షాఫ్టు ఒకే గీతలో తిరుగుతోందో లేదో డయల్ గేజీ పెట్టి చూడాలి. మిల్లీమీటరులో వందకు మూడు నాలుగు వంతుల తేడా వచ్చినా కొత్త బేరింగులు మళ్లీ తినేస్తుంది. ఆ విద్య తెలిసిన మేస్త్రీకి ఇవ్వడంలో నామోషీ లేదు. ఇంటి పని ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం కూడా పనితనమే.

క్రాంకు బాగుందంటే మూయడమే మిగిలింది. క్రాంకును కొత్త బేరింగులోకి సుత్తితో కొట్టి దించకూడదు, ఆ పిన్ను దగ్గర వంకర తిరుగుతుంది. లాగి కూర్చోబెట్టే సాధనం వాడాలి. లేదా లోపలి గాజును వేడిచేసి జారవిడవాలి. కేసింగు చల్లారాకే కొత్త సీళ్లు వేయాలి. వాటి పెదవికి కాస్త గ్రీజు రాయాలి. పాత సీళ్లు బాగున్నట్టు కనిపించినా తిరిగి వాడకూడదు. రెండు చెక్కల మధ్యా పాత అంటు మొత్తం గీకేసి, బండికి చెప్పిన ప్యాకింగో సీలెంటో పల్చగా రాయాలి. స్క్రూలు ఒకదాని తర్వాత దాని ఎదురుగా ఉన్నది, కొంచెం కొంచెంగా బిగించాలి.

బిగించాక క్రాంకును చేత్తో తిప్పితే మెత్తగా తిరగాలి. బిగుసుకుంటే షాఫ్టు చివర కట్టె సుత్తితో మెల్లగా ఒక్కటి వేస్తే క్రాంకు మధ్యకొచ్చి కూర్చుంటుంది. పిస్టనుకు కొత్త సర్క్లిప్పులే వేయాలి. పాతవి జారితే బోరు గీసుకుపోతుంది. పిస్టను మీది బాణం గుర్తు సైలెన్సరు వైపుండాలి. రింగుల కొనలు పిస్టను మీది చిన్న మేకుల దగ్గరే కలవాలి. చివరికి గేరు ఆయిలు పోయడం మరవకూడదు. నవ్వులాటకు చెప్పింది కాదు, మరిచిపోయినవాళ్లున్నారు!

మొదటి కిక్కు

స్టార్టు చేసేముందు ప్లగ్గు తీసి, కొత్త బేరింగుల మీద కాస్త టూటీ ఆయిలు పడేలా చూసి, నాలుగైదుసార్లు ఉత్తగా కిక్కు కొట్టాలి. పెట్రోలులో ఆయిలు కలుపుకునే బండి అయితే కంపెనీ పుస్తకంలో చెప్పిన పాళ్లే కలపాలి. ఉదాహరణకు లీటరుకు 30 మిల్లీలీటర్లంటే సుమారు 33 పాళ్లకు ఒక పాలు. పొగొస్తోందని ఆయిలు తగ్గించేవాళ్లు బేరింగుల తిండి తగ్గిస్తున్నారని గుర్తుంచుకోవాలి. విడిగా ఆయిలు పంపున్న బండి అయితే పైపులో గాలి బుడగలు లేకుండా చూసుకోవాలి.

స్టార్టయ్యాక రేసు దానంతటదే పెరిగి తగ్గకపోతే వెంటనే ఆపేయాలి. ఎక్కడో గాలి పీలుస్తోంది. అంతా సవ్యంగా ఉంటే మొదటి కొన్ని కిలోమీటర్లు బరువు వేయకుండా, గట్టిగా లాగకుండా నడపాలి. ఇంజను చల్లారాక స్క్రూలు మరోసారి చూసుకోవాలి. ఆ తర్వాత వారానికోసారైనా బండిని బాగా వేడెక్కేదాకా నడిపితే లోపలి తేమ ఆరిపోతుంది. రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపేయడం వల్ల మేలు లేదు, ఇంకా తేమ చేరుతుంది.

ఆర్ఎక్స్ 100 మన రోడ్ల మీదికి 1985లో వచ్చింది. 1996లో తయారీ ఆగిపోయింది. మైసూరులో పుట్టిన యెజ్డీ టూ స్ట్రోక్ బండ్లకూ అదే ఏడాది తెరపడింది. పొగ తగ్గించమన్న నిబంధనలు టూ స్ట్రోకులను ఒక్కొక్కటిగా మూలకు నెట్టాయి. అది మంచికే, గాలి అందరిదీ. ఇప్పుడున్న పాత బండ్లు మాత్రం మళ్లీ పుట్టేవి కావు. ఉన్నవాటిని సరిగ్గా బాగుచేసుకుని, సరైన పాళ్లలో ఆయిలు పోసి నడుపుకుంటే పొగా తగ్గుతుంది, ప్రాణానికీ భయం ఉండదు.

మళ్లీ ఆ ఇంటి వసారాలోకి వెళ్దాం. ఒక ఆదివారం మొదలైన పని మూడో ఆదివారానికి పూర్తయింది. నాలుగో కిక్కుకు బండి అందుకుంది. గుర్రు లేదు, టక టక లేదు. వంటింట్లోంచి అమ్మ బయటికొచ్చింది. కుర్చీలో కూర్చున్న ఆయన లేవలేదు. కాసేపు తల వంచి విన్నాడు.

'స్లో జెర్రంత ఎక్కువున్నది బిడ్డా. ఓ అర చుట్టు తగ్గియ్యి' అన్నాడు.

అమ్మే మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.